పురుగంటే ఏ పురుగు?

నేను ఒక దోటిని. అంటే చివర ఇనుప కొక్కెం బిగించిన వెదురు గెడను. పాడేరులో ఒకరి పెరట్లో మునక్కాయలు కోయడానికి నన్ను చేశారు. ఆ పని నాకు బాగానే వచ్చు. కానీ ఆ ఇంట్లోకి అద్దెకు దిగిన హైమవతిగారు, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆవిడ, నన్ను చూడగానే ముచ్చటపడి, ఇంటివాళ్లను అడిగి పుచ్చుకుని, సగానికి కోయించి చేతికర్ర చేసుకున్నారు. మునగచెట్టు ఊపిరి పీల్చుకుంది.

అప్పటినుంచి నా పని రాళ్లెత్తడం. వానలు మొదలైతే చాలు, సెలవురోజు పొద్దున్నే కొండబాట పట్టేవాళ్లం. కప్పలు, తొండలు, పాములు ఎక్కడుంటే అక్కడికి మేం. ఆవిడ రాయికి అవతలి అంచున నా కొక్కెం తగిలించి తనవైపుకి లేపేవారు. అలా లేపితే ఆ రాయే మనకు అడ్డుగోడ అవుతుంది, కింద ఏదున్నా అటువైపు దారి చూసుకుంటుంది. తనివితీరా చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే దించేవారు. కంటికి కనపడని చోట చెయ్యి పెట్టకూడదన్నది ఆవిడ పిల్లలకు చెప్పే మొదటి పాఠం. చేతిలో కర్ర ఉంటే పాముని కొట్టడానికే అనుకుంటారు జనం. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క పామునీ కొట్టలేదంటే ఎవరూ నమ్మరు.

మా వెనకాల, బాట దిగకుండా, క్యారేజీ పట్టుకుని ఒకాయన నడిచేవారు. ఆవిడ భర్త సోమసుందరంగారు, పోస్టాఫీసు ఉద్యోగి. పామంటే ఆయనకు పై ప్రాణాలు పైనే పోతాయి. బొద్దింకను చూసినా కుర్చీ ఎక్కే మనిషి. మరి ఎందుకొస్తారో నాకు చాలాకాలం బోధపడలేదు.

హైమవతిగారికి ఒక్కటే కోరిక. ఈ కొండల తడిమట్టిలో కాళ్లు లేని కప్పజాతి జీవి ఒకటి ఉంటుంది. సిసీలియన్ అంటారు. చూడ్డానికి అచ్చం లావుపాటి వానపామే. దాన్ని పుస్తకాల్లో చూశారు, ల్యాబు సీసాలో చూశారు. బతికుండగా ఒక్కసారి చూడాలని ఎన్ని వానాకాలాలు తడిశారో ఆవిడ! కనబడలేదు.

ఒక ఉదయం ముసురు పట్టి ఉంది. పసుపు చేలో కలుపు తీస్తున్న వంతల చిలకమ్మ మమ్మల్ని చూసి, గట్టు మీది రాయివైపు చెయ్యి చూపిస్తూ కేకేసింది.

“అమ్మా, ఆ రాయి కింద పురుగున్నాది, సూసుకోండి!”

ఏ పురుగని అడగాలా వద్దా? వానపాములాంటిదాన్ని ఏళ్లతరబడి వెతుకుతున్న మనిషికి ఆ ఒక్క మాట చాలింది. నన్ను గట్టున పారేసి, తను చెప్పే పాఠం తనే మరిచిపోయి, హైమవతిగారు మోకాళ్ల మీద వంగి రాయి సందులోకి వేళ్లు పోనిచ్చారు.

“సెయ్యెట్టకండమ్మా!” అని అరిచింది చిలకమ్మ.

బాట మీద క్యారేజీ దబ్బున పడింది. ఎవరో నన్ను అందుకున్నారు. అవి ఎప్పుడూ క్యారేజీ మోసే చేతులు. నా కొక్కెం హైమవతిగారి భుజాన ఉన్న సంచి పట్టీకి తగులుకుంది. ఒక్క లాగు! ఆవిడ వెల్లకిలా పడ్డారు. రాయి కింద కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమంది.

రక్తపింజర. అందరం వెనక్కి జరిగి దూరంగా నిలబడ్డాం. కాసేపటికి అది బయటికొచ్చి, ఒంటి మీది గొలుసు మచ్చలు మాకు చూపిస్తూ తీరిగ్గా తుప్పల్లోకి వెళ్లిపోయింది.

“పురుగన్నావేమ్మా!” అన్నారు సోమసుందరంగారు ఏడుపు గొంతుతో.

“పురుగనే అంటాం బాబూ. పొద్దున్నే దాని పేరెత్తితే ఎదురొస్తాది.”

ఈ మనుషులతో ఇదే తంటా. మట్టి తినే పురుగును వానపాము అంటారు. అసలు పామును పురుగంటారు. మధ్యలో ప్రాణం మీదికొస్తుంది.

“మీకింత భయం కదా, ప్రతిసారీ ఎందుకొస్తారండీ?” అన్నారు హైమవతిగారు, మట్టి దులుపుకుంటూ.

“ఇంట్లో కూర్చుంటే ఇంకా భయం హైమా.”

ఆ మాటతో ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది. దాచుకోవడం దేనికి?

కొన్నేళ్లకు ఆవిడ మోకాళ్లు అరిగాయి. కొండ ఎక్కొద్దన్నాడు డాక్టరు. ముసురు పట్టినప్పుడల్లా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కొండకేసి చూస్తుంటే సోమసుందరంగారు తట్టుకోలేకపోయారు. ఒకరోజు నన్ను పట్టుకుని ఒక్కరే బయల్దేరారు. అది మొదలు ప్రతి ముసురుకీ వెళ్లి, రాయి రాయికీ దేవుణ్ణి తలుచుకునేవారు. ఇంటికొచ్చి చూసినవన్నీ చెప్పేవారు. పేర్లన్నీ తప్పులే. ఆవిడ నవ్వుతూ దిద్దేవారు.

మొన్న ఆయన తడిసి ముద్దై వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయారు.

“హైమా, పురుగు కనబడింది.”

“ఏ పురుగు?”

“నీ పురుగు.”

“వానపామేమోలెండి.”

“వానపాముకి దవడలుంటాయా? ఇది నోరు తెరిచింది. వేలంత లావుంది. ఊదారంగు. ఒళ్లంతా ఉంగరాలు తొడిగినట్టు గీతలు. ముట్టుకోలేదు, రాయి మెల్లగా దించేసి వచ్చాను.”

ఆవిడ ఇన్నేళ్లు వెతికినది, చూడాలన్న కోరికే లేని మనిషి కంటపడింది. ఏడుస్తారేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఆవిడ పక్కనున్న కుర్చీ దగ్గరికి లాగారు.

“కూర్చోండి,” అన్నారు కళ్లు మూసుకుని. “రాయి లేపిన దగ్గర్నుంచి మళ్లీ చెప్పండి.”