ఇద్దరు అంకమ్మలు

అద్దంకి దాటాక కాలవకట్ట మీద యానాదుల గుడిసెలున్నాయి. అందులో ఒకటి ఎలీసమ్మది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. చచ్చిపోయిన తన తల్లి మీద మమకారం కొద్దీ ఆమె మొగుడు ఆదాం ఇద్దరికీ ఆవిడ పేరే, అంకమ్మ అని పెట్టాడు. పిలుపులో పెద్దంకి, చిన్నంకి.

పెద్దంకి గుడిసెలోనే పుట్టింది. బడి ముఖం చూడలేదు. చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది, కాస్త ఎదిగాక తల్లి వెంట మిరపకోతలకు పోయింది. రేషన్ కార్డులు రాసిన ఏడాది కోతల్లోనే ఉండిపోవడంతో దాని పేరు ఎక్కలేదు. చిన్నంకిని మాత్రం బడిలో వేశారు. రెండువేల నాలుగులో, కోతలు ముమ్మరంగా సాగుతున్నప్పుడు పెద్దంకికి జ్వరం తగిలింది. ఆసుపత్రిలో కన్నుమూసింది. అక్కడివాళ్లు రాసుకున్నది ఒక్క ముక్క: అంకమ్మ, తండ్రి ఆదాం, మృతి.

మరుసటి ఏడు మండలంలో యానాదులు ఎంతమందో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటింటికీ తిరిగే ఓపిక లేక కార్డులూ, బడి రిజిస్టర్లూ, ఆసుపత్రి చావులూ కంప్యూటర్లో కలిపి లెక్క తీశారు. పేరు ఒకటే, తండ్రీ ఒకడే. చిన్నంకి చచ్చిపోయినట్టు తేలింది. కార్డులో పేరు కొట్టేశారు. పైచదువుకు హాస్టల్లో రావాల్సిన సీటు ఆగిపోయింది.

ఎలీసమ్మ పిల్లను వెంటబెట్టుకుని మండలాఫీసుకు పోయింది. గుమాస్తా లక్ష్మీకాంత్ మంచివాడే. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"పెద్దమ్మాయి పేరు ఇంకెక్కడన్నా ఉందా అమ్మా? కార్డులోగానీ, బడిలోగానీ?"

"ఏడా లేదు సారూ. ఆస్పత్రోళ్లు రాసిందొక్కటే."

లక్ష్మీకాంత్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "ఇద్దరున్నారంటే రుజువులడుగుతారు. ఎప్పటికి తెముల్తుందో చెప్పలేను. ఆ చావు పొరపాటున రాశారనీ, నీకు ఒక్కతే కూతురనీ వేలిముద్ర వెయ్యి. వెంటనే పేరెక్కిస్తా."

"నాకది పుట్టనే లేదని నేనే చెప్పాలా? ఈ చేతుల్తో మన్నేశాను సారూ!"

"ఈ పిల్ల చదువన్నా నిలబడాలి గదమ్మా."

ఎలీసమ్మ వేలు చాపింది. ముద్ర అలికిపోయింది. లక్ష్మీకాంత్ ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ వేయించాడు.

ఇంటికి వస్తుంటే దారిలో చిన్నంకి అడిగింది. "అమ్మా, నీకు నేనొక్కదాన్నేనా?"

ఎలీసమ్మ మిరపచేను గట్టున కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిల్ల బెదిరిపోయి ఆమె మెడ వాటేసుకుంది.

"ఏడవమాకమ్మా. హాస్టల్లో ఎవరన్నా అడిగితే నాకు అక్క ఉండేదని చెబుతాలే."

ఎలీసమ్మ గబుక్కున దాని నోరు మూసింది.

"చెప్పమాకే తల్లీ. మళ్లీ నీ పేరు కొట్టేస్తారు."