ముడివేసిన తుంగ

చెరువు కట్ట కింది తుంగమడుగును పూడ్చేసి, ఆ జాగాలో వడ్ల కల్లం కట్టాలని ఊళ్లో తీర్మానించారు. వరి కోతలు వచ్చేలోపు పని అయిపోవాలట. మట్టి తోలే పని ఎవరికి దక్కిందో తెలిశాక రామవ్వకు ఆ పూట అన్నం సహించలేదు. దక్కింది ఆమె కొడుకు సతీశ్‌కే.

"గా బురదగుంట దోమలకు తప్ప ఎందుకు పనికొస్తదే అవ్వా?" అన్నాడు సతీశ్, కంచం ముందు నుంచి లేస్తూ.

ఎందుకు పనికొస్తుందట! రామవ్వకు ఒళ్లు మండింది. మగ్గం మూలన పడి, వీడి నాయిన సిద్ధయ్య నేత పని వెతుక్కుంటూ భివండి పోయి నెలల తరబడి జాడ లేకుండా ఉన్నప్పుడు ఈ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందనుకున్నాడు? నోరు లేని మడుగు కాబట్టి ఇన్ని మాటలు పడుతోంది.

బావులన్నీ అడుగంటిన ఎండాకాలాల్లో కూడా కట్ట కింది ఊటతో ఆ మడుగు తడిగానే ఉండేది. బర్రెకు పచ్చిగడ్డి అక్కడే. కూరకు పొన్నగంటాకు అక్కడే. అదృష్టం బాగుంటే గంపలో నాలుగు ఎండ్రికాయలో, గుప్పెడు బుడ్డపరక చేపలో పడేవి. తుంగ కోసి ఎండబెట్టి, చాపలు అల్లి, నెత్తిన పెట్టుకుని దుబ్బాక అంగడికి నడిచేది. చాపలు అమ్ముడుపోయిన రోజు సతీశ్‌కు వేడి వేడి మిర్చీ బజ్జీలు. ఇప్పటికీ ఎండుతున్న తుంగ వాసన తలుచుకుంటే రామవ్వకు కడుపు నిండినట్టే ఉంటుంది. ఎంత కష్టపడిందో గుర్తులేదు గానీ, ఆ రోజులు మళ్లీ వస్తే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

తుంగ కోసే ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. దుబ్బులో నీటికోడి గూడు కనిపిస్తే ఆ దుబ్బు కొనలు కలిపి ముడివేసేవారు. ముడి ఉందంటే, పిల్లలు బయటపడేదాకా అటు కొడవలి పోదు. ఎంత కరువొచ్చినా ఎవరూ ఒకరి ముడి విప్పలేదు. గూడు లేని చోట ముడి వేయనూ లేదు. చిన్నప్పుడు సతీశ్ ఆ ముడులు వెతుక్కుంటూ తిరిగి, గుడ్లు చూసి వచ్చి తల్లికి చెప్పేవాడు. ముడి వేయడమూ ఆమె దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ సాయంత్రం రామవ్వ కొడవలి లేకుండానే మడుగు ఒడ్డుకు వెళ్లింది. ఒకప్పుడు కలిసి తుంగ కోసిన కొండవ్వ అటుగా వస్తూ చూసి నోరు నొక్కుకుంది.

"గూడు లేకుండ ముడేస్తున్నవేందే? పాపం గాదా?"

"పాపమైతే నాకే తాకనీ," అని రామవ్వ ఇంకో దుబ్బు అందుకుంది.

తెల్లారి సతీశ్ మొరం మట్టి నింపిన ట్రాలీతో వచ్చి, ఒడ్డున ట్రాక్టర్ ఆపేశాడు. ఒడ్డు పొడుగునా తుంగకు ముడులే. దిగి, ప్యాంటు మడిచి, ఒక దుబ్బు విడదీసి చూశాడు. గూడు లేదు. ఇంకో దాంట్లో చూశాడు. లేదు. తల్లి గట్టు మీద కూర్చుని ఉంది.

"గూడు లేంది ముడేయొద్దని నువ్వే గదనే నేర్పినవ్? గిదేందే అవ్వా?"

రామవ్వకు సిగ్గేసింది. అయినా లేచి, నీటి అంచున ఉన్న ఒక దుబ్బు వైపు చెయ్యి చూపించింది.

"గా దుబ్బు పక్కన కోసిన తుంగ పరిచి, నిన్ను గాడ పండవెట్టేదాన్ని. నీ మీద ఒక కన్ను, కొడవలి మీద ఒక కన్ను. మీ నాయిన లేడు, నా అన్నదమ్ములు లేరు. నిన్నూ నన్నూ సాకింది గిదే బిడ్డా. నేను ఉత్త ముడెయ్యలే."

సతీశ్ ఆ దుబ్బు వైపు చూశాడు. తరువాత వెళ్లి, ఇంకా నడుస్తున్న ఇంజిన్ బంద్ చేసి, సర్పంచ్ గజేందర్‌కు ఫోన్ చేశాడు.

"కాకా, మడుగుల నేను మట్టి పొయ్యను. బడి ఎనుక మిట్ట ఉన్నది గద, కల్లం గాడ కట్టుండ్రి. గాడికైతే కిరాయి లేకుండనే తోలుతా." అవతల గజేందర్ గట్టిగా అరుస్తున్నాడు. "ఇంకో ట్రాక్టర్ తెస్తవా? తే కాకా. నేను గీడనే ఉంటా."

ఫోన్ జేబులో పెట్టుకుని నీళ్లలోకి దిగాడు. ముడి లేని దుబ్బు ఒకటి పట్టుకున్నాడు. కొనలు కలిపాడు, మెలేశాడు, జారిపోయాయి. మళ్లీ కలిపాడు, మళ్లీ జారిపోయాయి.

"ఎట్లనే అవ్వా? మర్షిపోయిన."

రామవ్వ కళ్లు తుడుచుకుని, చీర ఎగదోపి, కొడుకు పక్కకు దిగింది.