మూడు రోజుల మందు

జ్వరం సంగతి గాసికి చెప్పగలవాడు పాడేరు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. కనీసం అతని నమ్మకం అది. ఆరేళ్లుగా ఊరికి మలేరియా కార్యకర్త. ఎవరి ఒళ్లు కాలినా వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క పూసి పాడేరుకు పంపిస్తాడు. ఫలితం వచ్చేదాకా ఊరికే కూర్చోడు, మూడు రోజుల మందు మొదలుపెట్టేస్తాడు. తొలి రెండు రోజులూ నాలుగేసి బిళ్లలు, మూడో రోజు రెండు. ఆ బిళ్లలతో ఎంతమందిని మంచం మీంచి లేపి పొలానికి పంపాడో ఊరంతా చెబుతుంది. ఎవరైనా మరిచిపోతే తనే గుర్తు చేస్తాడు.

అలాంటివాడి భార్య చిలకమ్మకు 2003లో రొమ్ములో గడ్డ లేచింది. విశాఖ ఆసుపత్రిలో గడ్డ తీసేసి, మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. రెండోసారి ఎక్కించాక డాక్టరమ్మ గాసిని కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ మందు రోగాన్నే కాదు, రక్తంలో మనల్ని కాపాడే తెల్లకణాల్ని కూడా చంపేస్తుంది. పది రోజులకి అవి బాగా తగ్గిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే ఇంట్లో ఏ మందూ వెయ్యొద్దు. అదే రోజు, ఏ వేళైనా సరే, తీసుకొచ్చెయ్. అర్థమైందా?"

"అయినాదమ్మా," అన్నాడు గాసి. జ్వరం గురించి తనకు పాఠమా అని లోపల నవ్వుకున్నాడు కూడా.

పదకొండో రోజు మధ్యాహ్నం చిలకమ్మకు చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. వానలు తగ్గుముఖం పట్టిన కాలం, ఊళ్లో అప్పటికే నలుగురు జ్వరంతో మంచాన ఉన్నారు. గాసి సంచీ దించి సూది తీశాడు.

"డాక్టరమ్మ బేగి వచ్చీమంది కద బావా," అంది ఆమె, వేలు వెనక్కి లాక్కుంటూ.

"విశాఖలో కూకున్నోళ్లకి మన్నెం జరం ఏటి తెలుస్తాదే? సలొచ్చింది, వణుకొచ్చింది, ఒళ్లు కాల్తంది. ఇది మలేరియా కాకపోతే ఇంకేటి? మూడు రోజులు మింగు, లేసి కూకుంటావు."

ఆమె వేలు ఇచ్చింది. ఆరేళ్లలో అతని మాట తప్పు కావడం ఆమె చూడలేదు మరి.

సాయంత్రానికి చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. గాసి గుమ్మంలో నిలబడి పక్కింటి మంగ్లుతో, "సూసినావా? బస్సెక్కించుంటే దారిలోనే సగం సచ్చిపోయేది," అన్నాడు. రెండో రోజు మళ్లీ కాలింది. ఒక బిళ్ల మింగితే ఒకటి కక్కింది. నోరంతా పూసి గంజి కూడా దిగలేదు. అప్పుడైనా కదిలి ఉండవచ్చు. కానీ మందు మధ్యలో ఆపకూడదని ఊరందరికీ చెప్పినవాడు తనే. మూడో రోజు రెండు బిళ్లలూ నూరి నీళ్లలో కలిపి పట్టాడు. ఆ పూటే ఆమె లేవబోయి గుమ్మం దగ్గర కూలిపోయింది.

జీపులో పాడేరు, అక్కడినుంచి బస్సులో ఘాట్ దిగి విశాఖ. దారి పొడవునా ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు గాసి. తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. మలేరియా లేదు. తెల్లకణాలు నాలుగు వేలకు తగ్గకూడదట, ఆమెకు రెండు వందలే ఉన్నాయి. డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"జ్వరం ఎప్పుడు మొదలైంది?"

మంచం మీంచి చిలకమ్మే జవాబిచ్చింది.

"ఈ పొద్దేనమ్మా. తెల్లారి ఒళ్లు కాలగానే మాయాన బస్సెక్కించీసినాడు."

మగణ్ణి పదిమందిలో తిట్టించడం ఇష్టం లేక ఆడిన అబద్ధం అది. ఊపిరి అందని మనిషి, ఆ మాటకు మాత్రం ఊపిరి కూడదీసుకుంది.

డాక్టరమ్మ ఆమె చేతికి సూది పెడుతూనే పక్క మంచాలవాళ్ల వైపు తిరిగింది. "చూడండి, కొండల్లోంచి జ్వరం వచ్చిన రోజే తీసుకొచ్చాడు. పట్నంలో ఉండి మీరేమో మూడేసి రోజులు ఇంట్లో కూర్చుంటారు."

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. గాసి తల దించుకుని నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. మూడు రోజుల జ్వరమని తెలిస్తే వేరే మందేదైనా పెట్టేవారో లేదో గాసికి తెలియదు. అడగాలంటే నిజం చెప్పాలి.

డాక్టరమ్మ అతని భుజం తట్టింది. "బాధపడకు. నీ తప్పేం లేదు. చెయ్యవలసిందంతా చెప్పినట్టే చేశావు."

"అవునమ్మా," అన్నాడు గాసి.