ఓక్ కాయల సంచి

కేంబ్రిడ్జ్‌లోని ఆ బేస్‌మెంట్‌కు కావ్యశ్రీ సెప్టెంబరులో వచ్చింది. ఆ ఏడాది స్టూడెంట్లు వరదలా వచ్చిపడుతున్నారు, గది దొరకడమే గగనం. అప్పటికే అక్కడుంటున్న గుంటూరు అమ్మాయి రాగిణి, వరంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఈ కొత్తమ్మాయి సామాన్లు చూసి మొహం చిట్లించింది.

ఫిబ్రవరిలో వంటగదిలో బూడిదరంగు రెక్కల పురుగులు కనిపించాయి. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దవి, అంతే. బయట మంచు. కిటికీలు తీసింది లేదు.

"నీ జొన్నపిండిలోంచే వస్తున్నాయి," అంది రాగిణి.

"జల్లెడ పట్టి చూసిన అక్కా. పిండిల ఏం లేదు."

"ఓనర్ ఆంటీ చూస్తే ఇద్దర్నీ ఖాళీ చేయిస్తారు. ఇప్పుడు రూమ్ ఎక్కడ దొరుకుద్ది?"

ఆ మాటకు కావ్యశ్రీ భయపడిపోయి, ఇంటి నుంచి మోసుకొచ్చిన పిండంతా చెత్తలో పోసింది. అయినా పురుగులు తగ్గలేదు. రాగిణికి అనుమానం ముదిరింది. తను గదిలోకి రాగానే ఈ పిల్ల సూట్‌కేసు ఎందుకు మూసేస్తుంది?

ఒక మధ్యాహ్నం కావ్యశ్రీ వేర్‌హౌస్ షిఫ్టుకు వెళ్లింది. ఆమె సూట్‌కేసు జిప్పు సందులోంచి ఒక పురుగు పాకుతూ రావడం రాగిణి కంటపడింది. ఇక ఆగలేదు. తెరిచి బట్టలన్నీ మంచం మీదికి లాగింది. అడుగున గుడ్డసంచి, దాని నిండా గోలీలంత ఓక్ చెట్టు కాయలు. చాలావాటికి కన్నాలున్నాయి. ఫోన్‌లో వెతికితే తెలిసింది: వేరే పురుగులు తొలిచి వదిలేసిన కాయల్లో చేరి పెరిగే అడవి పురుగట అది.

ఇంతలో తలుపు తెరుచుకుంది. షిఫ్ట్ కాన్సిల్ అయి కావ్యశ్రీ తిరిగొచ్చింది.

"నా బట్టలెందుకు తీసినవ్?"

"ఇవేంటి? ఎందుకు దాచావ్?"

"దాచలే. వచ్చిన కొత్తల బస్‌స్టాప్ కాడ చెట్ల కింద ఏరిన. చింతగింజలకు బదులు వీటితోని నీతోని వామనగుంటలు ఆడదామని. నువ్ రాంగనే అడగాలంటే భయమై మూసేస్తుంటి."

రాగిణి ఫోన్ పక్కన పెట్టింది. "సారీ," అంది.

"కాయలు నావే, పురుగులు నావల్లనే వచ్చినయ్. అది ఒప్పుకుంట," అంది కావ్యశ్రీ బట్టలు మడుస్తూ. "గానీ అడిగి ఉంటే నేనే తెరిచి చూపెడుదును గదా."

సంచిని తనే తీసుకెళ్లి బయట బిన్‌లో పడేసింది. కొద్దిరోజుల్లో పురుగులు మాయమయ్యాయి. నెలాఖరుకు కావ్యశ్రీ ఎలాగో వేరే గది వెతుక్కుని మారిపోయింది. కారు దాకా సామాను మోయడానికి రాగిణి సాయం పట్టింది.

"అడ్రస్ పంపు," అంది.

"పంపుత అక్కా."

పంపలేదు. తర్వాత ఒకరోజు కాలేజీ క్యాంటీన్‌లో కనిపిస్తే రాగిణే ముందు చెయ్యి ఊపి, పక్క కుర్చీ మీది బ్యాగు తీసింది. కావ్యశ్రీ ఆగి, పరీక్షల గురించి నాలుగు మాటలు మాట్లాడింది. కూర్చోలేదు.