జానెడు కురచ

మా అత్తగారు రుక్మాబాయితో వచ్చిన కష్టమేమిటంటే, ఆమె ఎన్నడూ పొరపాటు చెయ్యరు. ఆ పనంతా ఇంట్లో మిగిలినవాళ్ళమే చూసుకోవాలి.

ఆడపడుచు ఆండాలు కాన్పుకు వచ్చింది. పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టమని అత్తగారు నాకు రెండు పాత చీరలు, పైకి ఒక కొత్త ఎర్ర చేనేత గుడ్డ ఇచ్చారు. యుద్ధం రోజుల్లో ఎలాగో సంపాదించిన గుడ్డ అది. నాకదే మొదటి బొంత.

"దీన్ని ముందు తడిపి ఆరేద్దామా అత్తమ్మా?"

"తడిపితే మెరుపు పోతది. నీ బి.ఏ. సదువుల బొంతలు కుట్టుడు గూడ చెప్పిన్రా ఏంది?"

చెప్పలేదు. చీరల్ని ఎర్రగుడ్డ కొలతకే కత్తిరించి, ఇరవై రోజులు వేళ్ళు పొడుచుకుంటూ కుట్టాను. మాదన్నపేట మార్కెట్లో వంకాయలు ఏరుతున్నా, వేళ్ళు సూది పట్టినట్టే ఉండేవి. తీరా ఉతికి ఆరేస్తే, బొంత ఎండు కాకరకాయలా ముడుచుకుపోయింది.

"దారం గుంజి కుట్టినవ్. గీ ముడతల మీద పసిపిల్లను ఎట్ల పండబెడ్తం? మొత్తం విప్పి మళ్ళ కుట్టు."

కాన్పుకు వారమే ఉంది. వాదించే ఓపిక నాకు లేదు. మూడు రోజులు కూర్చుని కుట్లన్నీ విప్పాను. గుడ్డలను ఆమె ముందే ఒకదాని మీద ఒకటి పరిచాను.

"నాకు కొలతలు రావు. మీరే చూడుండ్రి అత్తమ్మా," అన్నాను, వీలైనంత అమాయకంగా.

ఆమె జానలు వేసి కొలిచారు. ఎర్రగుడ్డ చీరలకన్నా జానెడు కురచ. గుంజిందని అనడానికి దాంట్లో ఇప్పుడు దారమే లేదు. మళ్ళీ కొలిచారు. ఆండాలు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"తప్పు నాదే బిడ్డా," అన్నారు అత్తగారు, గుడ్డకేసే చూస్తూ. "ముందుగాల తడపాల్సుండె. సూది ఇటియ్యి, సగం నేను కుడ్త."