మామ పోసిన నీళ్లు

రేవు నుంచి మెట్లెక్కుతూనే సిరీలో టోపీ అల్లుతున్నాడు. వీపున బంగాళాదుంపల మూట, మెడచుట్టూ ఎర్రదారం, తెల్లదారం, చేతుల్లో సైకిల్ పుల్లలు సానబెట్టి చేసిన సూదులు. ఊళ్లో సగం తలలకు టోపీలు పెట్టాడు గానీ ఒక్కడికీ టోపీ పెట్టలేదు. అరవైకి దగ్గరపడినా అతని నెత్తిన మాత్రం బ్రహ్మచారుల తెల్లకొన టోపీయే.

మా సరస్సు దీవిలో అల్లినవాడే అల్లుడు. పిల్లనడిగేవాడి టోపీలో మామ నీళ్లు పోస్తాడు. కారిందా, సంబంధమూ కారిపోయినట్టే. వయసులో సిరీలోది ధారగా కారింది. మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. మూటలు మోశాడు, మళ్లు తవ్వాడు, అలసిపోయాడు. ఈ సాయంత్రం మళ్లీ అడగబోతున్నాడు, విధవరాలు అసుంతాను.

ఆమె మెట్ల మలుపులో ఉన్ని వడుకుతోంది.

"ఏందయ్యా, పిట్టలూ పువ్వులూ అల్లేవాడివి! ఈ అల్లిక కొత్తగా నేర్చుకునే పిల్లలది కదూ?"

"కళ్లు ఆనడంలేదు అసుంతా. మూడెరుపు, ఒక తెలుపు. చూడకపోయినా చేతికి తెలుస్తుంది."

"వెనకదారం వదులైతే నీళ్లు కారతాయి, మా నాన్న వదలడు."

"మరీ బిగిస్తే ముడతలు పడుతుంది, నా మొహంలా."

"మొహం సంగతి నేను చూసుకుంటాలే. టోపీ చూడు."

సాయంత్రం అసుంతా తండ్రి, ముసలి సెలెదోనియో, గోడవార గొర్రెతోలు మీద కూర్చుని ఉన్నాడు, పక్కనే కూతురు.

"దండాలు మామా."

"ఇంకా కాలేదురా మామని! ఈ వయసులో పెళ్లేంట్రా?"

"ఈ వయసులో మీరు నీళ్లు పోయట్లేదా?"

సిరీలో పట్టిన కొత్త టోపీలోకి ముసలాడు ముంత వంచాడు. నిండింది. అడుగున ఒక చుక్క ఉబ్బింది, వేలాడింది, పడలేదు.

సెలెదోనియో నడుముకున్న సంచీ విప్పాడు. మా దగ్గర మాట ఇవ్వడమంటే గుప్పెడు కోకా ఆకులు చేతిలో పెట్టడమే. ఆకులు తీసి గుప్పిలి చాచాడు. సిరీలో రెండుచేతుల్లోనూ నిండు టోపీ.

"ఆగండి మామా, పారబోసి వస్తా."

చిక్కుడుపాదులో నీళ్లు వంపి తిరిగొచ్చేసరికి ముసలాడి గుప్పిలి మోకాలి మీదికి జారింది. తల గోడకానింది. అసుంతా పిలిచింది, తట్టింది, గుండెకు చెవి ఆనించింది. తర్వాత అక్కడే కూలబడింది.

సిరీలో ఆమె పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. "ఇచ్చినట్టేనా, అసుంతా?"

"చెయ్యి చాచాడు. నేను చూశాను."

ఆమె తండ్రి వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఆకులు తీసి సిరీలో అరచేతిలో పెట్టింది.

గొర్రెతోలు మీద ఆకుల సంచీ మూతి ఇంకా తెరిచే ఉంది, కట్టుతాడు కొస నేలకు వేలాడుతూ.