ఆ పేజీలోని క్షమాపణ నాది కాదు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన వెంకటరమణ పోయాక, బస్సు బోర్డు చదివి చెప్పే దిక్కు లేక, యాభై రెండేళ్లప్పుడు అక్షరాలు నేర్చుకున్నాను. పది వరుసలకు గంట పడుతుంది. అట్లాంటి గంటలు నూట అరవై మూడు లాక్కున్న మనిషి గురించి రాస్తున్నాను.

ఆమె పేరు రాజరాజేశ్వరి. గచ్చిబౌలిలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. నేను అక్కడ నాలుగేళ్లు వంట చేశాను. మూడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్ల సుష్మ నాకు ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచింది. "రోజూ రాయి పిన్నీ. బాగా రాకపోయినా రాయి, మానొద్దు" అంది. మానలేదు. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి, ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని, సరుకులు తెప్పించే హాస్టల్ ఫోన్లోనే రాసేదాన్ని. మొదట్లో రెండు వరుసలు. నెల తిరిగేసరికి పది. ఏ పిల్ల అన్నం వదిలేసింది, ఎవరు ఇడ్లీ చేత్తో పట్టుకుని ఆఫీసు బస్సు కోసం పరిగెత్తారు, ఇవే. తొమ్మిది వందల మంది చేరారు.

ఒక తప్పు చేశాను. నా ఫోన్‌కు రీఛార్జి లేదని, పేజీ తెరిచేటప్పుడు రాజరాజేశ్వరి నంబరు ఇచ్చాం. ఓటీపీ ఆమెకే పోతుంది. అప్పుడు ఆమె మురిసిపోయి, గేటు బోర్డు మీద "మా వంటమ్మ రాతలు చదవండి" అని రాయించింది కూడా.

నూట అరవై మూడో రోజు ఇలా రాశాను: "ఉప్మా రవ్వలో పురుగులున్నాయి. పారేస్తానంటే జల్లించి వాడమన్నారు. వండాను. నేను తినలేదు."

సాయంత్రానికి అయిదుగురు గదులు ఖాళీ చేస్తామన్నారు. రాజరాజేశ్వరి వంటింట్లోకి వచ్చింది.

"ఏమండీ రచయిత్రి గారూ, నా కొంప ముంచి ఎన్ని లైకులు సంపాదించారండీ?"

"ఉన్నదే రాసినాను మేడం."

"డబ్బా మూత పెట్టడం నేనే మరిచాను, తప్పు నాదే అని రాయి. ఇప్పుడే."

"మూత పెట్టినాను. పురుగులు బస్తాతోనే వచ్చినాయి."

"అబ్బో! నిన్నమొన్నటిదాకా వేలిముద్ర వేసేదానివి. నువ్వు రాయకపోతే నేను రాస్తా. ఆ పొయ్యి ఎవరిదో పేజీ కూడా వాళ్లదే."

"ఆ మాట నా చేత్తో రాయను. ఏం చేసుకుంటావో చేసుకోపో."

ఫోన్ లాక్కుపోయింది. మర్నాడు పొద్దున్నే సుష్మ తన ఫోన్ తెచ్చింది. "పిన్నీ, ఇది నువ్వేనా?"

నా పేరు, నా ఫోటో. "నా అజాగ్రత్త వల్లే పురుగులు పట్టాయి. అమ్మగారు దేవత. క్షమించండి." కింద మూడు వందల లైకులు. "పెద్ద మనసమ్మా" అని ఒకరు, "కన్నీళ్లొచ్చాయి" అని ఒకరు. నేను రాసిన ఏ ముక్కకూ అన్ని రాలేదు.

టిఫిన్ గదిలో ఆ రోజు వంటలు రాసే బోర్డు ఉంటుంది. దోశ, చట్నీ తుడిచేసి సుద్దతో రాశాను: "ఆ క్షమాపణ రాజరాజేశ్వరి రాసుకున్నది. నేను రాయలేదు. ఓబులమ్మ."

ప్లేట్లు పట్టుకున్న పిల్లలు చదివారు. ఒకామె నవ్వింది. ఇంకొకామె, "గా ముచ్చట సరే ఆంటీ, దోశ ఉన్నదా లేదా? జర జల్దీ, బస్సు పోతది" అంది.

రాజరాజేశ్వరి వచ్చి చేత్తోనే బోర్డు తుడిచింది. "బయటికి నడువు."

నడిచాను. పెనం మీద దోశ మాడుతున్నా తిరిగి చూడలేదు.

సుష్మ ఈ కొత్త పేజీని నా నంబరు మీదే తెరిచింది. ఇక్కడ పదిహేడు మందే ఉన్నారు. అక్కడ మాత్రం నా ఫోటోతో రోజూ ఏదో ఒకటి వస్తోంది. నిన్న నేను పనసపొట్టు కూర చేశానట. మా కడప వైపు దాన్ని వండరు, నాకు రాదు. అయినా మెచ్చుకుంటున్నారు. ఆ తొమ్మిది వందల మందికి చెబుతున్నా: ఇక్కడికి రాకపోతే మానె, కానీ ఆమె రాతలకు నా పేరుతో దండాలు పెట్టకండి. ఇవాళ ఈ పేజీలో నాకు పదకొండో రోజు.

ఓబులమ్మ,
యాభై ఏడేళ్లు,
సాయిలు ఇంటి వెనక రేకుల గది, నానక్‌రామ్‌గూడ.